పాత కంప్యూటర్‌కి విండోస్ 11 వేయాలా, వద్దా? మా బాబాయ్ డీటీపీ షాపు లెక్క

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. ఆ ప్రశ్న నాది కాదు, మా బాబాయ్‌ది.

బాబాయ్‌కి రాజమండ్రిలో చిన్న డీటీపీ షాపు ఉందండి. శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, దినకర్మ కార్డులు, ఇరవై ఏళ్ళకి పైగా అదే పని. పంచాంగాలూ పూజా పుస్తకాలూ అచ్చేసే ఊరు కదా మాది, ఇలాంటి షాపులు సందుకొకటి కనిపిస్తాయి. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్ అబ్బాయ్, నా సిస్టమ్‌లో పొద్దస్తమానం ఏదో బోర్డు వస్తుందిరా. విండోస్ 10 అయిపోయిందంట. అంటే రేపట్నుంచి ఆన్ అవదా?" అన్నాడు.

"ఆన్ అవుతుంది బాబాయ్, కంగారు పడకు" అన్నాను.

"అయితే 11 వేసెయ్. నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, పావుగంట పని."

ఆయ్, పావుగంట పనే అనుకుని వెళ్ళానండి. మొత్తం మూడు ఆదివారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తాను. మీ ఇంట్లోనో షాపులోనో పాత కంప్యూటర్ ఉంటే ఆ లెక్క మీకూ పనికొస్తుంది.

అసలు ఏం అయిపోయింది?

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. సపోర్ట్ ఆగడం అంటే కంప్యూటర్ ఆగడం కాదు. మీ ఫైళ్ళు ఎక్కడికీ పోవు, ప్రింటర్ పని చేస్తుంది, అన్నీ నిన్నటిలాగే నడుస్తాయి. ఆగింది ఒక్కటే: విండోస్‌లో లోపం బయటపడినప్పుడు దాన్ని పూడ్చే సెక్యూరిటీ అప్‌డేట్ ఇక ఉచితంగా, దానంతటది రాదు.

మన డెల్టా వాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది ఏటిగట్టు లాంటిది. గట్టుని చూసుకునే వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడే గట్టు తెగదు. కానీ ఎక్కడో చిన్న గండి పడితే పూడ్చే మనిషి ఉండడు. వరద ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు.

ఇదంతా భయపెట్టి కొత్త కంప్యూటర్లు అమ్ముకోవడానికే అని కామెంట్లలో చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి గుర్తు చేస్తాను.

2017 మే 12

ఆ రోజు వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్‌లోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని తెర మీద బోర్డు పెట్టింది. మన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని పోలీసు కంప్యూటర్లు దీని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. విండోస్ సిస్టమ్‌లు లాగాఫ్ చేసి ఉంచమని సిబ్బందికి చెప్పారు.

ఇక్కడ గమనించాల్సినవి రెండు. మొదటిది, అది పాకడానికి ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఒక నెట్‌వర్క్‌లో ఒక సిస్టమ్‌కి వస్తే, అదే వైరు మీదున్న మిగతా సిస్టమ్‌లకి తనే వెళ్ళిపోయింది. "నేను పిచ్చి సైట్లు చూడనండి, నాకేం కాదు" అనే మాట అక్కడ పని చేయలేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ లోపానికి మందు అప్పటికే ఉంది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చేసింది, అంటే దాడికి రెండు నెలల ముందు. దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 మెషీన్లు, అంటే అప్పటికి సపోర్ట్ ఉండి కూడా అప్‌డేట్ వేసుకోనివి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దానికి మందు దాడి జరిగాక, అత్యవసరంగా ఇచ్చారు.

కాబట్టి అసలు ప్రశ్న విండోస్ కొత్తదా పాతదా అని కాదండి. ఈ మెషీన్‌కి ఇంకా మందు అందుతోందా, అందకపోతే దాన్ని వైరుకి కట్టి ఉంచామా అని.

మీ సిస్టమ్‌కి విండోస్ 11 పడుతుందా?

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. 4 జీబీతో నడుస్తుంది కానీ ఈసురోమంటూ నడుస్తుంది, 8 ఉండాలి అనుకోండి. ఇవి పెద్ద అడ్డంకులు కావు. అసలు అడ్డంకులు మూడు: ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్.

ప్రాసెసర్ ఏ తరమో ఎలా తెలుసుకోవాలి? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ఇంటెల్ అయితే ఐ3, ఐ5 తర్వాత గీత పక్కనున్న అంకె చూడండి. ఐ5-4570 అంటే నాలుగో తరం. ఐ5-8400 అంటే ఎనిమిదో తరం. ఐ3-10100 అంటే పదో తరం. కొన్ని పాత మోడళ్ళకి మినహాయింపులున్నాయి కానీ, స్థూలంగా ఎనిమిదో తరం నుంచి పైవే విండోస్ 11 జాబితాలో ఉన్నాయి. ఏఎమ్‌డీ అయితే స్థూలంగా రైజెన్ 2000 సిరీస్ నుంచి.

టీపీఎం కోసం విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. 2.0 అని చూపిస్తే సరే. చిప్ లేదు అని వస్తే వెంటనే నిరాశపడొద్దు. ఎనిమిదో తరం తర్వాత సిస్టమ్‌లలో చాలావరకు అది ఉంటుంది, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. ఇదంతా తలనొప్పి అనుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ హెల్త్ చెక్ యాప్ వేసుకోండి. పడుతుందో లేదో, ఎందుకు పడదో అదే చెప్తుంది.

బాబాయ్ షాపులో రెండు సిస్టమ్‌లు. ఒకటి విండోస్ 10, ఐ5 నాలుగో తరం. వాట్సాప్ వెబ్, మెయిల్, కోరల్‌డ్రా, ఫొటోషాప్ అన్నీ దాంట్లోనే. రెండోది ఇంకా పాతది, విండోస్ 7. పేజ్‌మేకర్, అను ఫాంట్లు దాంట్లో ఉన్నాయి. రెండిట్లో ఏదీ విండోస్ 11 జాబితాలో లేదు. మొదటి ఆదివారం దీంతోనే అయిపోయింది.

పాత తెలుగు ఫైళ్ళ సంగతి

"పోనీ కొత్త సిస్టమ్ కొనేద్దాం బాబాయ్, ఫైళ్ళన్నీ దాంట్లోకి ఎక్కించేద్దాం" అన్నాను. బాబాయ్ నవ్వి, పెన్‌డ్రైవ్‌లో ఒక పాత శుభలేఖ ఫైలు ఇచ్చి, "నీ ల్యాప్‌టాప్‌లో తెరువు" అన్నాడు. అసలు తెరిచే ప్రోగ్రామే లేదు. అందులోని మాటర్ విడిగా తీసి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, చుక్కలు. వధూవరుల పేర్లు ఏవో కూడా తెలియట్లేదు.

ఎందుకంటే అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. తెర మీద మనకి తెలుగు అక్షరం కనిపిస్తుంది, కానీ కంప్యూటర్ లోపల దాచుకున్నది ఒక ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. దానికి తెలుగు బొమ్మ తొడిగేది ఆ ఫాంటే. ఫాంటు లేకపోతే బొమ్మ ఊడిపోతుంది, లోపలి గుర్తులు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత నంబరు ఉంటుంది. అందుకే మీ వాట్సాప్ మెసేజ్ ఏ ఫోన్‌లోనైనా తెలుగులాగే కనిపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన యూనికోడ్ తెలుగు ఫాంటు పేరేంటో తెలుసా అండి? గౌతమి. మన గోదావరి పాయ పేరే.

ఇక పేజ్‌మేకర్. దాని చివరి వెర్షన్ 7.0, అది 2001 నాటిది. అయినా మన ప్రెస్సుల్లో ఇంకా నడుస్తూనే ఉంది, ఎందుకంటే చెయ్యి అలవాటు పడిపోయింది, పాత ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే వస్తుంది. 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ ఇన్‌స్టాలర్లు అసలు నడవవు. 32 బిట్ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ, 32 బిట్ డ్రైవర్లు పనికిరావు. అంటే డాంగిల్ పెడితేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్, పదిహేనేళ్ళ నాటి ప్రింటర్, పాత స్కానర్, ఇవన్నీ అనుమానమే. కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. ముందే వేరే సిస్టమ్‌లో వేసి చూసుకోవాలి. అప్‌గ్రేడ్ చేసేశాక తెలుసుకుంటే లాభం లేదు.

అప్పుడు బాబాయ్ అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "నాన్నా, నీకు అది పాత కంప్యూటర్. నాకు అది షాపు. అమ్మాయి పెళ్ళికి కార్డు వేయించుకున్నాయన, మనవడి బారసాలకి అదే డిజైన్ కావాలని వస్తాడు. లేదని చెప్పానంటే పక్క షాపుకి పోతాడు."

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను చాలా సిస్టమ్‌లు అప్‌గ్రేడ్ చేశాను. ఈ ప్రశ్న మాత్రం ముందు అడగాలని నాకు తట్టలేదు: ఈ మెషీన్‌లో ఏ పని ఆగితే ఆ ఇల్లు ఆగిపోతుంది? ముందు అది కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే ఏ విండోస్ అనేది.

మన ముందున్న దారులు

ఒకటి, నేరుగా విండోస్ 11. మీ సిస్టమ్ జాబితాలో ఉండి, విండోస్ 10 అసలైనది, యాక్టివేట్ అయినది అయితే అప్‌గ్రేడ్ ఉచితం. ట్యాలీ, జీఎస్టీ రిటర్న్‌లు, డిజిటల్ సిగ్నేచర్ పని చేసే వాళ్ళు, నెట్ బ్యాంకింగ్ చేసే వాళ్ళు ఇంకేం ఆలోచించకండి, ఇదే దారి.

రెండు, ఈఎస్‌యూ. అంటే విండోస్ 10లోనే ఉంటూ సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా తీసుకోవడం. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్తే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. మీ సెట్టింగ్స్‌ని ఆ అకౌంట్‌తో సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ లేదంటే 30 డాలర్లు. కంపెనీ డొమైన్‌కి కలిపిన సిస్టమ్‌లకి ఇది వర్తించదు. సంస్థలకి వేరే స్కీము ఉంది: మొదటి ఏడాది ఒక్కో సిస్టమ్‌కి 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్ళ దాకా. ఒకటి గుర్తుంచుకోండి, ఇది పరిష్కారం కాదు, గడువు పొడిగింపు మాత్రమే.

మూడు, దొడ్డిదారి. రూఫస్ లాంటి టూల్‌తో చెకింగ్ తప్పించి పాత సిస్టమ్‌లో విండోస్ 11 వేయొచ్చు. యూట్యూబ్‌లో వంద వీడియోలున్నాయి. నేనూ నా పాత ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను, నడిచింది. కానీ ఇలాంటి సిస్టమ్‌లకి అప్‌డేట్లు వస్తాయనే హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ ప్రతిసారీ మీరే కుస్తీ పట్టి వేసుకోవాలి. పైగా 2024లో వచ్చిన 24హెచ్2 నుంచి కోర్ 2 డ్యూయో లాంటి బాగా పాత ప్రాసెసర్లలో అసలు బూటే అవదు. నేర్చుకోవడానికి సరదాగా చేయండి. రేపు పొద్దున్న కస్టమర్ వచ్చే షాపులో మాత్రం వద్దు.

నాలుగు, లినక్స్. పాత మెషీన్‌కి మళ్ళీ ప్రాణం పోసేది ఇదే. లినక్స్ మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లున్నాయి, 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది, ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. తెలుగు యూనికోడ్ టైపింగ్ ఉంది, లిబ్రే ఆఫీస్ ఉంది. మా పెద్దమ్మ ల్యాప్‌టాప్‌లో అదే వేశాను. ఆవిడకి కావాల్సింది ప్రవచనాలు, సీరియళ్ళు, అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్. ఇది విండోస్ కాదని ఆవిడకి ఇప్పటికీ తెలియదు. కానీ కోరల్‌డ్రా, ఫొటోషాప్, ట్యాలీ దీంట్లో నేరుగా నడవవు. కాబట్టి బాబాయ్‌కి ఇది కుదరలేదు.

ఐదు, వైరు పీకేయడం. అప్‌డేట్లు లేని మెషీన్‌ని ఇంటర్నెట్‌కీ, మిగతా సిస్టమ్‌లకీ దూరంగా పెట్టి, ఒక్క పనికే వాడుకోవడం.

చివరికి ఏం చేశాం?

విండోస్ 7 సిస్టమ్‌కి దానికి 2020 జనవరిలోనే సపోర్ట్ అయిపోయింది. దాంట్లో క్రోమ్ కూడా 2023 నుంచి కొత్త వెర్షన్లు తీసుకోవట్లేదు. అయినా బాబాయ్ తీరిక దొరికినప్పుడు దాంట్లోనే బ్యాంక్ సైట్ తెరిచేవాడు! ఆ రోజే నెట్ వైరు పీకేశాను. ఇప్పుడది పేజ్‌మేకర్ డబ్బా, అంతే. కస్టమర్ పెన్‌డ్రైవ్ నేరుగా దానికి పెట్టకూడదు. ముందు రెండో సిస్టమ్‌లో స్కాన్ చేసి, షాపు సొంత పెన్‌డ్రైవ్‌లోకి కావాల్సిన ఫైలు మాత్రమే తీసుకుని ఇటు తేవాలి. వైరు లేకపోయినా పెన్‌డ్రైవ్ కూడా ఒక దారే కదండీ.

దాని హార్డ్‌డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ తీసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టాం. ఫాంట్ల ఫోల్డర్ విడిగా కాపీ చేశాం. మళ్ళీ మళ్ళీ అడిగే డిజైన్లన్నీ పీడీఎఫ్ చేశాం, ఫాంటు లేకపోయినా రేపు కనీసం చూడటానికీ ప్రింట్ తీయడానికీ పనికొస్తాయని. రెండో ఆదివారం మొత్తం ఇదే పని. కొత్త ఆర్డర్లు మాత్రం ఇక యూనికోడ్‌లోనే కట్టమని చెప్పాను. మొదట్లో విసుక్కున్నాడు, ఇప్పుడు సగం సగం చేస్తున్నాడు.

విండోస్ 10 సిస్టమ్‌ని ఈఎస్‌యూలో చేర్చాం. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాం. టీ పెట్టుకుని వచ్చేలోపు ఆన్ అయ్యే సిస్టమ్ ఇప్పుడు అర నిమిషంలో ఆన్ అవుతోంది. 2026 అక్టోబర్ లోపు దాని స్థానంలో ఎనిమిదో తరమో అంతకన్నా పైదో కొనాలి. ఇప్పుడు పెట్టిన ఎస్‌ఎస్‌డీని అప్పుడు దాంట్లోకి మార్చుకోవచ్చు, అది దండగ కాదు. కొనే ముందు సెకండ్ హ్యాండ్ షాపులో నిలబడే ప్రాసెసర్ అంకె, టీపీఎం రెండూ చూసుకుని కొనమని రాసిచ్చాను.

బటన్ నొక్కే ముందు

ఇది నా తప్పుతోనే చెప్తాను. బీటెక్ రెండో ఏడాదిలో మా ఇంట్లో సిస్టమ్‌ని ఫార్మాట్ చేశాను. ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయిలే అనుకున్నాను. డెస్క్‌టాప్ మీద ఉన్నవి నిజానికి సీ డ్రైవ్‌లోనే ఉంటాయని తెలుసు, కానీ ఆ తొందరలో గుర్తు రాలేదు. మా అమ్మ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ పెట్టుకుంది, మా అమ్మమ్మ ఫోటోలు. అవి ఇంకెక్కడా లేవు. అమ్మ నన్ను ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. అప్పట్నుంచి ఎవరి సిస్టమ్ ముట్టుకున్నా ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ చూసి, మీ ఫోటోలు ఎక్కడున్నాయి అని అడిగి, కాపీ చేసి, ఆ కాపీని వేరే సిస్టమ్‌లో తెరిచి చూశాకే మొదలుపెడతాను. తెరిచి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అనుకోకండి.

ఇంకో మూడు మాటలు. పని తక్కువున్న రోజుల్లో చేయండి. ముహూర్తాలు లేని రోజులు షాపుకి నష్టం అంటారు గానీ, అప్‌గ్రేడ్‌కి అవే మంచి ముహూర్తం. మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ ఎటూ కాకుండా పోతుంది కాబట్టి యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే చేయండి. అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్ళి వెనక్కి రావొచ్చు. కాబట్టి ఆ పది రోజుల్లోనే మీ ప్రింటర్, స్కానర్, డాంగిల్, పాత ఫైళ్ళు అన్నీ ఒకసారి వాడి చూసేయండి. పదకొండో రోజు చూద్దాంలే అంటే కుదరదు.

మూడో ఆదివారం సాయంత్రం పని అంతా అయ్యాక బాబాయ్ ఒక పాత ఫైలు తెరిచాడు. మా అమ్మానాన్నల ఇరవై ఐదో పెళ్ళిరోజుకి వేసిన కార్డు. పీడీఎఫ్ చేశావా అని అడిగాడు. చేశాను అన్నాను. "అయితే చాలు, టీ తాగుదాం పద" అన్నాడు.

మీ సిస్టమ్ ప్రాసెసర్ ఏది, దాంట్లో మీరు చేసే ముఖ్యమైన పని ఏది, ఈ రెండూ కామెంట్‌లో రాయండి. వయసు ఒక్కటే చెప్తే నేను ఏమీ చెప్పలేనండి. వచ్చే ఎపిసోడ్‌లో అను ఫాంట్ల మాటర్‌ని యూనికోడ్‌లోకి ఎలా మార్చాలో బాబాయ్ ఫైళ్ళతోనే చేసి చూపిస్తాను. ఉంటానండి మరి.